పోలవరం తీరపు అరుదైన ఛాయాచిత్రాలు

పాపికొండల ఇరుకులోంచి బయటపడి గోదావరి ఒక్కసారిగా విప్పారే చోట, కుడి గట్టున పోలవరం ఉంది. ఒకప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఊరికి ఎగువన కొండరెడ్లు, కోయల గూడేలు. దిగువన రాజమండ్రి, ధవళేశ్వరం, ఆ తరువాత డెల్టా. ఈ వ్యాసం పోలవరం నుంచి ఎగువన వేలేరుపాడు, దేవీపట్నం వైపు, దిగువన రాజమండ్రి వరకు ఉన్న నదీతీరానికి, దాన్ని ఆనుకున్న మన్యానికి సంబంధించిన పాత ఛాయాచిత్రాల గురించి, అవి ఎందుకు పుట్టాయన్న దాని గురించి.

ఇక్కడి పాత చిత్రాలు సంఖ్యలో తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం తీసినవాళ్ళు ఊరివాళ్ళు కారు. పోలీసుకు శవాన్ని గుర్తించే పని, మానవశాస్త్రవేత్తకు తెగను వర్ణించే పని, ఇంజనీరుకు డ్యాము లెక్క, సినిమావాళ్ళకు నది అందం. ఎవరి అవసరం వాళ్ళకు చిత్రాన్నిచ్చింది. ఫొటోలో ఏముందో చూసే ముందు ఎవరి పనికోసం తీశారో అడగాల్సిన తీరం ఇది.

కెమెరా రావడానికి ముందు

ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. డెల్టా రూపురేఖలు మార్చిన ఆ నిర్మాణం కెమెరా కంటే ఒక్క అడుగు ముందు నడిచింది. మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది 1856లో. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్‌ను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించింది. ఆయన పర్యటన శ్రీరంగం, తంజావూరు, మధుర వైపు సాగింది. తెలుగు నేలకు ఆయన వల్ల దక్కిన గొప్ప మేలు, 1858లో మద్రాసు మ్యూజియంలో అమరావతి శిల్పాలను చిత్రించడం. అప్పట్లో ఎలియట్ మార్బుల్స్ అని పిలిచిన ఆ రాళ్ళు కృష్ణ ఒడ్డువి. గోదావరికి ఆయన కెమెరా చేరలేదు.

చేరడం అంత తేలిక కూడా కాదు. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోగా చిత్రం తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. మందుసీసాలు, పలకలు, గుడారం, మోసే మనుషులు అన్నీ వెంట ఉండాలి. పోలవరం ఎగువన పడవ తప్ప దారి లేదు. పైగా మన్యపు చలిజ్వరం. మైదానపు ఉద్యోగులకు ఏజెన్సీ బదిలీ అంటేనే వణుకు పుట్టే రోజులవి. తయారుగా దొరికే పొడి పలకలు 1870ల తరువాత, చేతిలో పట్టే ఫిల్ము కెమెరాలు 1888 తరువాత వచ్చాకే ఇలాంటి చోట్ల ఫొటో సాధ్యపడింది. అందుకే మన్యం చరిత్రలోని పెద్ద ఘట్టాలు కొన్ని చిత్రం లేకుండానే గడిచిపోయాయి.

వాటిలో ఒకటి కారుకొండ సుబ్బారెడ్డి కథ. పోలవరం ఎగువన కొరుటూరుకు చెందిన ఈ కొండరెడ్డి నాయకుడు 1857-58లో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడ్డాడు. 1858 అక్టోబరు 7న బుట్టాయగూడెంలో ఉరితీశారు. ఆయన అనుచరుల్లో కొందరిని పోలవరంలోనే ఉరితీశారు. సుబ్బారెడ్డి దేహాన్ని ఇనుప పంజరంలో పెట్టి రాజమండ్రి కోట దగ్గర వేలాడదీశారని, జనం దాన్ని ‘సుబ్బారెడ్డి సంచి’ అనేవారని ఈ ప్రాంతపు చరిత్ర చెబుతుంది. తిరగబడితే ఏమవుతుందో అందరికీ చూపించాలి. ఫొటో లేని కాలంలో ఆ పనికి శవాన్నే వాడారు.

ఫొటో వచ్చాక ఆ పని ఎలా మారిందో మద్రాసు సైన్యంలోని విల్లోబీ వాలెస్ హూపర్ జీవితం చూపిస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో ఎముకలగూడులైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఆయన తీసిన చిత్రాలు దక్షిణాది కరువుకు ప్రపంచానికి తెలిసిన ముఖమయ్యాయి. వాళ్ళకు తిండి పెట్టకుండా ఫొటో తీసి పంపేశాడన్న విమర్శ ఆనాడే వచ్చింది. అదే హూపర్ 1886లో మాండలేలో తుపాకులు పేలే క్షణాన్ని పలక మీద పట్టడానికి మరణశిక్షల అమలునే తన కెమెరాకు అనువుగా జరిపించాడన్న ఆరోపణ మీద విచారణ ఎదుర్కొన్నాడు. కరువు గుప్పిట్లో రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలు నలిగిపోతుంటే కాటన్ కాలువల పుణ్యాన గోదావరి డెల్టా తప్పించుకుంది. ఆ చిత్రాల్లో డెల్టా కనిపించకపోవడం కూడా ఒక సాక్ష్యమే.

ఫొటోగ్రాఫర్ కొడుకు

ఈ తీరంతో ముడిపడిన ఛాయాచిత్రాల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది, చూడటానికి అన్నిటికంటే కష్టమైనది, అల్లూరి సీతారామరాజు మృతదేహం ఫొటో.

సీతారామరాజు తండ్రి వెంకటరామరాజు వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. పశ్చిమ గోదావరిలోని మోగల్లు వాళ్ళ స్వగ్రామం. ఆయన రాజమండ్రిలో స్థిరపడి సెంట్రల్ జైలుకు అధికారిక ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు. జైలుకు ఫొటోగ్రాఫర్ అవసరం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఖైదీ పారిపోతే వెతకాలి, మళ్ళీ దొరికితే పోల్చుకోవాలి. పెళ్ళి ఫొటోలు, పెద్దల పటాలు అపురూపమైన రోజుల్లో, రాజమండ్రిలో కెమెరా ముందు తప్పనిసరిగా నిలబడాల్సిన వాళ్ళు ఖైదీలే. దొరలకు సలాం చేసిన చిన్న కొడుకును ఈ తండ్రి మందలించాడన్న కథ సీతారామరాజు జీవితచరిత్రల్లో తరచు కనిపిస్తుంది. జీతం జైలుది, మాట ఇంటిది. వెంకటరామరాజు 1908లో, గోదావరి పుష్కరాల ఏడాది, కలరాతో చనిపోయాడు. అప్పటికి కొడుక్కి పదేళ్ళ వయసు.

ఆ కొడుకు జీవితంలో పోలవరానికీ ఒక చోటుంది. మన్యంలో గిరిజనులను కూడగడుతున్నాడన్న అనుమానంతో ప్రభుత్వం సీతారామరాజు మీద నిఘా పెట్టిన 1922లో, పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజలుల్లా ఖాన్ ఆయన పట్ల సానుభూతి చూపాడు. పైడిపుట్టలో భూమి ఇప్పించి స్థిరపడే వీలు కల్పించాడు. ఆ స్థిరనివాసం ఎక్కువ కాలం సాగలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో పితూరీ మొదలైంది. ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద కూడా వరుసగా దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబార్ పోలీసులు, ఆ తరువాత అస్సాం రైఫిల్స్ దిగాయి. రాజు తలకు పదివేల రూపాయల వెల కట్టారు.

వెల కట్టడం సరే, పట్టుకోవాల్సిన మనిషి ఎలా ఉంటాడో మైదానం నుంచి వచ్చిన సిపాయికి ఎలా తెలుస్తుంది? జైలు ఫొటోగ్రాఫర్ కొడుకు ఎన్నడూ ఆ జైలు రిజిస్టరుకు ఎక్కలేదు. ఆయనవని చెప్పే ఫొటోలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు చనిపోయాడు. తప్పించుకోబోతుంటే కాల్చామని ప్రభుత్వం చెప్పింది. పట్టుకుని చెట్టుకు కట్టి కాల్చారన్నది మన్యం మాట, చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట కూడా. దేహాన్ని మంచానికి బిగించి కృష్ణదేవిపేటకు తెచ్చారు. అక్కడ గుర్తింపు కోసం ఫొటో తీశారు. తరువాత దహనం.

ఆ చిత్రం ఉద్దేశం సూటిగా ఉంది. ఫలానా మనిషి చచ్చాడు, ఇక ఎవరూ ఆశ పెట్టుకోనక్కర్లేదు. 1858లో ఇనుప పంజరం ఏ పనికి వేలాడిందో 1924లో కెమెరా ఆ పనే చేసింది. కాని పంజరం తుప్పుపట్టి పోతుంది. చిత్రం అచ్చయి చేతులు మారుతుంది. ప్రభుత్వం తన విజయానికి రుజువుగా తీసిన ఫొటో కొన్నాళ్ళకు ప్రభుత్వ క్రూరత్వానికి రుజువుగా పుస్తకాల్లో, పత్రికల్లో అచ్చయింది. తీయించినవాడి ఉద్దేశాన్ని ఇంత పూర్తిగా తిరగేసుకున్న ఫొటో తెలుగునాట మరొకటి చెప్పడం కష్టం.

జనం మాత్రం ఆ చిత్రాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. వాళ్ళు వేరే బొమ్మ గీసుకున్నారు. 1929లో గాంధీ ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు రామరాజుదని చెప్పే చిత్తరువు ఒకటి ఆయనకు బహూకరించారు. గాంధీ యంగ్ ఇండియాలో దాన్ని ప్రస్తావించి, సాయుధ మార్గాన్ని మెచ్చుకోలేనంటూనే ఆ సాహసానికి, త్యాగానికి జోహారు పలికాడు. ఆ తరువాత 1974లో ఘట్టమనేని కృష్ణ నటించిన సినిమా వచ్చింది. గడ్డం, కాషాయం, విల్లంబులతో ఒక రూపం స్థిరపడిపోయింది. 1986లో తపాలా బిళ్ళ, 2022 జులై 4న భీమవరంలో ప్రధాని ఆవిష్కరించిన 30 అడుగుల కాంస్య విగ్రహం ఆ రూపాన్నే కొనసాగించాయి. ఇప్పుడు వాట్సాప్‌లో ‘అల్లూరి అసలు ఫొటో’ అంటూ తిరిగే వాటిలో సినిమా స్టిల్సు, రంగులేసిన పటాలు కలిసిపోతుంటాయి. కెమెరాకు చిక్కిన ముఖం ఒకటి, జనం నమ్మిన ముఖం ఒకటి. రెండోదానికే దండ పడుతుంది.

1941, కొండరెడ్ల నడుమ

కొండ మనుషులను ఫొటో తీయడం ఈ తీరంలో 1941కి కొత్త కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో వెలువరించిన ఏడు సంపుటాల గ్రంథం దక్షిణాది కులాలు, తెగలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చింది. థర్‌స్టన్‌కు తలలు, ముక్కులు కొలవడం మీద మోజు. ఆయన పద్ధతిలో ఫొటో కూడా కొలత పరికరమే. మనిషిని ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి నిలబెట్టి తీయడం, కింద తెగ పేరు రాయడం. జైలు ఫొటోకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ వేరే దారిలో వచ్చాడు. 1909లో వియన్నాలో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త నాగా కొండల్లో పనిచేసి, 1939లో మళ్ళీ భారతదేశానికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశీయుడు. జైలు శిబిరానికి పంపకుండా నిజాం రాజ్యం దాటకూడదన్న షరతు మీద వదిలారు. ఆ నిర్బంధమే తెలుగు తెగల అధ్యయనానికి పునాది అయింది. 1940లో నల్లమల చెంచుల దగ్గరికి వెళ్ళాడు. 1941లో పాల్వంచ సంస్థానంలో, గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీ వెంటే ఉంది. ఇంగ్లీషువాళ్ళు పాపికొండల వరుసను బైసన్ హిల్స్ అనేవారు. కనుక 1945లో లండన్‌లో మాక్‌మిలన్ సంస్థ వేసిన ఆయన పుస్తకం పేరు ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’.

కొయిదా, కాకిస్నూరు, పేరంటపల్లి లాంటి ఊళ్ళు ఆ పుస్తకంలో కనిపిస్తాయి. పోలవరం నుంచి లాంచీలో పాపికొండలు చూడబోయిన వాళ్ళకు పేరంటపల్లి అంటే బాలానందస్వామి ఆశ్రమం, రామకృష్ణ మునివాటం గుర్తుకొస్తాయి. హైమెండార్ఫ్ కాలానికే స్వామి అక్కడ ఉన్నాడు.

ఆయన చిత్రాల్లో మనుషులు పనిలో ఉంటారు. కొండవాలును నరికి తగలబెట్టిన పోడు, ఆ బూడిదలో మొనకర్రతో గుంతలు చేసి గింజలు వేయడం, వెదురు తడికల ఇళ్ళు. కొండరెడ్డికి ప్రాణాధారమైన జీలుగు చెట్టు గురించి ఆయన శ్రద్ధగా రాశాడు. గింజలు నిండుకున్న రోజుల్లో జీలుగు కల్లు కేవలం మత్తు కోసం తాగేది కాదు, అది కడుపు నింపేది. మామిడి టెంకల జీడి, అడవి దుంపలు కూడా ఆ రోజుల తిండే.

పుస్తకంలో అసలు బరువు వెదురు దగ్గర ఉంది. రాజమండ్రి వ్యాపారులు అడవి కూపులను వేలంలో పాడుకుని, కొండరెడ్ల చేత వెదురు కొట్టించి, బొంగులను తెప్పలుగా కట్టించి, నదిలో కిందికి దింపేవాళ్ళు. కూలీ డబ్బు కంటే ముందే అప్పు ఇచ్చేవాళ్ళు. లెక్క వ్యాపారి పుస్తకంలో, వ్యాపారి గుమాస్తా చేతిరాతలో. చదవలేని కొండరెడ్డి ఏళ్ళ తరబడి వెదురు కొట్టినా ఆ అప్పు తీరదు. పోడు వేసుకునే తెగ కూలీ తెగగా ఎలా మారుతోందన్నదే హైమెండార్ఫ్ అధ్యయనం. ఇవాళ ఆ ఫొటోలు చూసేవాళ్ళు ఆకు గుడిసెలు, పూసల పేర్లు చూసి ‘ఆదిమ జీవితం’ అని మురిసిపోతారు. అవి అప్పటికే మార్కెట్టుకు, అప్పుకు చిక్కిన మనుషుల చిత్రాలు. ఆ వెదురు రాజమండ్రికి చేరేది, ధర అక్కడ నిర్ణయమయ్యేది. పుస్తకం పక్కన పెట్టుకోకుండా ఆ ఫొటోలను చదవడం సగం చదవడమే.

నిజాం ప్రభుత్వం తరువాత హైమెండార్ఫ్‌నే గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. 1946 నాటి హైదరాబాద్ గిరిజన ప్రాంతాల చట్టం వెనుక ఆయన నివేదికల ప్రభావం ఉంది. శత్రుదేశీయుడని కాపలా పెట్టిన మనిషి ఇలా ప్రభుత్వంలో కీలకమైన చోటికి వచ్చాడు. 1970ల చివర పాత ఊళ్ళను మళ్ళీ చూసి రాసిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ 1982లో వచ్చింది. అందులో భూమి చేజారిన తీరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయిలో ఉంది. 1995లో లండన్‌లో చనిపోయిన హైమెండార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. మార్లవాయిలో ఏటా వాళ్ళ వర్ధంతి జరుపుతారు, పటాలకు దండలు వేస్తారు. కొండరెడ్ల ఊళ్ళలో అలాంటి బంధం ఏర్పడలేదు. ఆయన ఎక్కువ ఏళ్ళు గడిపింది గోండుల మధ్యనే.

ఆయన నెగటివ్‌లు, డైరీలు, సినిమా రీళ్ళు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ భాండాగారంలో ఉన్నాయి. వేల కొద్దీ చిత్రాలున్న ఆ సేకరణలో నాగాలు, అపతానీలు, షెర్పాలు, గోండులతో పాటు గోదావరి కొండరెడ్లూ ఉన్నారు.

అదే ఏడాది ఇంకొకరు

హైమెండార్ఫ్ కొండరెడ్ల మధ్య తిరుగుతున్న 1941లోనే, మద్రాసు ప్రభుత్వంలో నీటిపారుదల చీఫ్ ఇంజనీరు దివాన్ బహదూర్ ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ పోలవరం దగ్గర రిజర్వాయరు కట్టాలన్న ప్రతిపాదనకు రూపమిస్తున్నాడు. ఒకరు ఊళ్ళను ఎక్కించుకుంటున్నారు, ఇంకొకరు నీటిమట్టాన్ని. ఒకరి పని గురించి ఇంకొకరికి తెలుసో లేదో గాని, రెండు పనులూ ఒకే లోయ మీద జరిగాయి. ఇప్పుడు రెండు దస్త్రాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

రామపాదసాగర్ పేరుతో ఆ పథకం 1946-47 నాటికి 129 కోట్ల రూపాయల అంచనాకు చేరింది. అమెరికా డ్యాముల నిపుణుడు జాన్ సావేజ్, మట్టి యాంత్రికశాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ సలహాదారులు. డబ్బు లేక అది ఆగింది. ఆ తరువాత పోలవరానికి నీళ్ళ కంటే ముందు శంకుస్థాపన ఫొటోలే పారాయి. 1980ల తొలినాళ్ళలో ముఖ్యమంత్రి టి. అంజయ్య, 2004 తరువాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 2014లో జాతీయ ప్రాజెక్టు హోదా వచ్చాక ‘సోమవారం పోలవరం’ అంటూ వారం వారం డ్రోన్ చిత్రాలతో సమీక్షలు జరిగాయి. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టినప్పుడు ఆ రాత్రి లైట్ల వెలుగులో తీసిన చిత్రాలు దేశమంతా చూసింది. ధవళేశ్వరం ఆనకట్టకు కెమెరా అందకపోతే, పోలవరం కాంక్రీటులో ప్రతి గంపకూ చిత్రం ఉంది. 48 గేట్ల స్పిల్‌వే ఫొటో ఇప్పుడు కేలండర్లలో, గోడపత్రికల్లో పోలవరానికి గుర్తు.

వరదల చిత్రాలు వేరే కోవ. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి జిల్లాల్లో ‘ఎనభై ఆరు వరద’ అంటే అందరికీ అదొక్కటే కొలబద్ద. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటినప్పుడు పత్రికలు ఆ పాత నలుపు తెలుపు చిత్రాలను కొత్త రంగు చిత్రాల పక్కన వేశాయి.

సినిమా తీసిపెట్టిన నది

పాత గోదావరిని అనుకోకుండా భద్రపరిచింది సినిమా. 1964లో ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’లో పడవవాడే కథానాయకుడు. 1973లో బాపు, రమణల ‘అందాల రాముడు’ కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే లాంచీ మీదే నడుస్తుంది. నటులను పక్కన పెట్టి వెనక కనిపించేదాన్ని చూడాలి. రేవులు, ఇసుక తిన్నెలు, ఒడ్డున చెట్లు, కొండలు నీళ్ళను కలిసే గీత. డ్యాము కట్టకముందు నది మట్టం ఎక్కడుండేదో చెప్పే కదిలే సాక్ష్యం అది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ కూడా అదే దారిలో వెళ్ళింది. అప్పటికి ఆ దారి రోజులు లెక్కలో పడ్డాయి. పరిశోధకులు ఈ సినిమాలను భౌగోళిక దస్త్రాలుగా చూడటం ఇంకా అలవాటు చేసుకోవాలి.

ముంపు ఊళ్ళ పటాలు

పోలవరం రిజర్వాయరు పూర్తి మట్టం 150 అడుగులు, నిల్వ సామర్థ్యం 194.6 టీఎంసీలు. ముంపు కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. వాళ్ళలో సగానికి పైగా గిరిజనులు. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం తదితర మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఈ ముంపు కోసమే. హైమెండార్ఫ్ చూసిన కొయిదా, కాకిస్నూరు వేలేరుపాడు మండలంలోవే.

తెలుగు నేల మీద మునిగిన చోటును ముందే చిత్రాల్లోకి ఎక్కించుకున్న ఉదాహరణ నాగార్జునకొండ. సాగర్ నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ ఆ లోయనంతా తవ్వింది. ప్రతి గోడను, మెట్టును, శిల్పాన్ని కొలిచి ఫొటో తీసింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించింది. ఇక్ష్వాకుల ఇటుకకు దక్కిన ఆ శ్రద్ధ కొండరెడ్డి తడికె గోడకు దక్కలేదు. పరిహారం కోసం ఇళ్ళ కొలతలు తీశారు, చెట్లు లెక్కపెట్టారు, కుటుంబాల జాబితాలు రాశారు. ఊరిని ఊరుగా చిత్రించే పని ఆ జాబితాల్లో లేదు.

ఆ పని చేసింది ఇళ్ళలోని పటాలు. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు పోతే పటం కట్టిస్తారు. స్టూడియోలో తీయించిన ఫొటో లేకపోతే ఓటరు కార్డు మీదో రేషన్ కార్డు మీదో ఉన్న బొమ్మను పెద్దది చేయిస్తారు. అధికారి గుర్తింపు కోసం తీసిన చిత్రమే చనిపోయాక దేవుడి గూటి పక్కకు చేరుతుంది. గూడెంలో కొన్ని తరాల మనుషులకు అదొక్కటే ఫొటో. ఇవి వరదలో మొదట పోయేవి. 2020 తరువాత ఎగువ కాఫర్ డ్యామ్ లేచాక నీళ్ళు వెనక్కి తన్ని, దేవీపట్నం మండలం గొందూరులోని గండి పోచమ్మ గుడి వరద వచ్చినప్పుడల్లా మునుగుతోంది. పత్రికలు ఏటా వేసే ఆ గుడి ఫొటో ఊళ్ళు ఖాళీ అవుతున్న క్రమానికి ఒక తేదీల పట్టికలా తయారైంది. నిర్వాసితుల కాలనీలకు చేరినవాళ్ళ చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి. పాత ఊరి ఫొటోలు, వీడియోలు వాటిలోనే ఉన్నాయి. ఫోను పాడైతే అవీ పోతాయి. సొంతవాళ్ళే సొంత ఊరిని తీసుకున్న మొదటి చిత్రాలు కనుక, చరిత్ర లెక్కలో వీటి విలువ లండన్ నెగటివ్‌ల కంటే తక్కువేమీ కాదు.

చిత్రం ఏ కాలానిదో పోల్చుకోవడం

గోదావరి పాత ఫొటో ఏదైనా దొరికితే కింద రాసిన తేదీని నమ్మే ముందు వంతెనలు చూడాలి. రాజమండ్రి దగ్గర నది మీద వంతెనే లేకపోతే 1900కు ముందుది. ఆ ఏడాది ఎఫ్.టి.జి. వాల్టన్ పర్యవేక్షణలో 56 కానాల హేవ్‌లాక్ వంతెన తెరుచుకుంది. అదొక్కటే ఉంటే 1900కు, 1974కు మధ్యది. పైన రోడ్డు, కింద రైలు ఉన్న రెండో వంతెన 1974లో వచ్చింది. కాంక్రీటు విల్లుల ఆర్చి వంతెన కనిపిస్తే 1990లదో, ఆ తరువాతిదో. హేవ్‌లాక్ మీద రైలు వెళుతుంటే 1997కు ముందుది, ఆ ఏడాదితో దాని సేవ ముగిసింది. ధవళేశ్వరంలో కాటన్ నాటి రాతి కట్టడం మీదుగా నీళ్ళు పొర్లుతుంటే పాతది, గేట్ల బ్యారేజీ ఉంటే 1980లదో, ఆ తరువాతిదో. కాటన్ కాలం నాటి సామగ్రితో, నమూనాలతో పోల్చి చూడాలనుకునేవారికి ధవళేశ్వరం కాటన్ మ్యూజియం ఉంది.

పోలవరం ఎగువ ఫొటోలకు వంతెన గుర్తులు లేవు. అక్కడ ఆకాశం నుంచి తీసినవి పనికొస్తాయి. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు కరోనా 1960 నుంచి 1972 దాకా తీసిన చిత్రాలను 1995లో బయటపెట్టారు. 1972 నుంచి లాండ్‌శాట్ వరుస మొదలైంది. లాండ్‌శాట్ చిత్రాలను ఏడాది తరువాత ఏడాదిగా పేర్చుకుంటే పోడు మచ్చలు, ఇసుక మేటలు, చివరికి డ్యాము గట్టు ఎప్పుడెప్పుడు ఏర్పడ్డాయో తెలుస్తుంది. 2021 జూన్ 11న నదిని కుడిపక్క స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. పోలవరం దగ్గర గోదావరి గేట్లలోంచి పారుతున్న చిత్రం ఏదైనా ఆ తేదీకి తరువాతిదే.